పదివేల గింజల్లో నాలుగు: మనం పీల్చే గాలి గురించి

జనవరి మొదటి ఆదివారం సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి, మిగతాదంతా ఆమె అన్నట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి. తమ్ముడూ, ఆ పక్క కిటికీ కూడా తీసెయ్. ఇంతమందిమి ఒక్క గదిలో ఉన్నాం, గాలి ఆడాలి.

ఈ గాజు గ్లాసు కనబడుతోందా? ఇందులో ఉన్నవి బియ్యం. సన్న బియ్యం, మా ఇంట్లో వండుకునేవే. నిన్న రాత్రి నేనూ మా మనవరాలూ కూర్చుని వెయ్యి గింజలు లెక్కపెట్టాం. ఆ వెయ్యి గింజల్ని వంటింటి కాటా మీద తూచి, దానికి పదింతలు ఈ గ్లాసులో పోశాం. అంటే ఇందులో అటూఇటుగా పదివేల గింజలున్నాయి.

ఇప్పుడు ఇదే గాలి అనుకోండి. నీటి ఆవిరి తీసేసిన పొడి గాలి. ఈ పదివేలలో నైట్రోజన్ ఎన్ని గింజలు? 7,808. ఆక్సిజన్? 2,095. ఆ తర్వాత ఆర్గాన్ అని ఒకటుంది, ఎవరితోనూ కలవదు, దేనితోనూ గొడవ పెట్టుకోదు. అది 93. పిల్లలూ, కూడండి. ఎంతైంది? 9,996. మరి ఎన్ని మిగిలాయి? నాలుగు. ఇదిగో నా అరచేతిలో ఉన్నాయి ఆ నాలుగు గింజలు. ఇదే కార్బన్ డయాక్సైడ్. మొదటి వరుసలో కూర్చున్నవాళ్లకే సరిగ్గా కనబడట్లేదు కదా?

ఇంకా నియాన్, హీలియం, మీథేన్, హైడ్రోజన్ ఉన్నాయి. అన్నీ కలిపినా ఒక్క గింజ నిండదు. మీథేన్ ఎంతంటే, ఒక గింజను యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. హీలియం అన్నాను కాబట్టి ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఓడెక్కి ఎక్కడికొచ్చాడో తెలుసా? మన గుంటూరుకు. ఆ గ్రహణం నాడు సూర్యుడి అంచు వెలుగులో కనబడ్డ ఒక పసుపు గీతే హీలియం కథకు మొదలు. భూమ్మీద అది దొరకడానికి ఇంకో ఇరవై ఏడేళ్లు పట్టింది.

సరే, అసలు విషయం. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ నాలుగు గింజల గురించీ, వీటికంటే చిన్నవాటి గురించీ. గాలిలో 99 శాతం పైగా నైట్రోజనూ ఆక్సిజనే. దాన్ని మనం పెద్దగా కదపలేదు, కదపలేం కూడా. మనం చెడగొట్టేదంతా ఆ చివరి చిటికెడులోనే. కానీ అమ్మా, కూర పాడవ్వాలంటే కుండెడు ఉప్పు పడాలా? చిటికెడు ఎక్కువైతే చాలదూ?

కాలేజీలో ఏటా ఎవరో ఒకరు నన్ను అడిగేవాళ్లు. మేడమ్, ఇంత పొగ వదిలితే ఆక్సిజన్ అయిపోదా అని. అయిపోదు. పెట్రోలు, బొగ్గు కాల్చడం వల్ల ఆక్సిజన్ తగ్గుతున్న మాట నిజమే. ఏడాదికి పది లక్షల భాగాల్లో సుమారు నాలుగు భాగాలు తగ్గుతోంది. కానీ ఆ పది లక్షల్లో ఆక్సిజన్ 2,09,500 ఉంది. అందుకని ఆ టెన్షన్ పెట్టుకోకండి. చెట్లు నాటండి, తప్పకుండా నాటండి. నీడ కోసం, ఆకుల మీద దుమ్ము ఆగడం కోసం, పిట్టల కోసం నాటండి. ఆక్సిజన్ అయిపోతుందనే భయంతో మాత్రం అక్కర్లేదు. మనం భయపడాల్సింది వేరే ఉంది.

ఈ ఆక్సిజన్ ఎక్కడిది? మొదట్నుంచీ ఉందా? లేదు. మీరు బంజారాహిల్స్ వైపు, గచ్చిబౌలి వైపు బండరాళ్లు చూస్తుంటారు కదా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మిషన్లు పెట్టి పగలగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నాం. ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అవి పుట్టినప్పుడు ఈ భూమ్మీద గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. మీరూ నేనూ ఆ రోజుల్లోకి పోతే రెండు నిమిషాలు బతకం. నీళ్లలో ఉండే కంటికి కనపడని నీలాకుపచ్చ జీవులు ఎండను తిని ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాయి. ముందు అదంతా సముద్రంలోని ఇనుము తుప్పు పట్టడానికే సరిపోయింది. గాలిలో చేరడం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. అంటే మన జూబ్లీహిల్స్ రాయి ఈ ఆక్సిజన్ కంటే పెద్దది. నేను ఆ రాళ్ల పక్కనుంచి బస్సులో పోయినప్పుడల్లా ఇదే తలచుకుంటాను. అంత కాలం పట్టింది ఈ గాలి తయారవ్వడానికి.

ఇప్పుడు బరువు. గాలికి బరువుందా? ఈ హాలు పొడవు ఇరవై మీటర్లు, వెడల్పు పది, ఎత్తు నాలుగు. ఇందులో ఉన్న గాలి ఎంత బరువుంటుంది? ఎవరైనా చెప్పండి. పది కిలోలా? లేదమ్మా. తొమ్మిది వందల కిలోలకు దగ్గరగా ఉంటుంది. రెండు పెద్ద గేదెల బరువు. మనం సముద్రం కంటే సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం కాబట్టి మన గాలి కొంచెం పలచన, బందరు గాలి కంటే ఐదారు శాతం తక్కువ. అక్కడైతే ఇదే హాలులో ఇంకాస్త బరువు తూగేది.

మరి ఇంత గాలి పైకి ఎంత దూరం ఉంది? ఆకాశమంతా గాలే అనుకుంటాం. చార్మినార్ నుంచి అసెంబ్లీ దాకా రోడ్డు మీద ఎంతుంటుంది? ఐదారు కిలోమీటర్లు. అంతే దూరం నిటారుగా పైకి పోగలిగితే, భూమ్మీద ఉన్న గాలిలో సగం మీ కాళ్ల కిందే ఉండిపోతుంది. సగం! ట్రాఫిక్ లేకపోతే ఆటోలో పావుగంట దూరం. ఇక్కణ్నుంచి మా నల్లగొండ వంద కిలోమీటర్లు. అంత పైకి పోతే అంతరిక్షమే.

మన ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది, ఎంతమందికి తెలుసు? అక్కడి నుంచి వదిలే పెద్ద పెద్ద బెలూన్లు ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పరికరాలు మోసుకుపోతాయి. అక్కడికి చేరేసరికి 99 శాతం గాలి కిందే ఉంటుంది. పరికరాలు పారాచూట్లతో పొలాల్లో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక పెద్ద గుండ్రటి డబ్బా అట్లాగే దిగితే ఊరు ఊరంతా చేరి చూసింది, మీరు టీవీలో చూసే ఉంటారు.

కానీ మన ఊపిరికి సంబంధించినంత వరకు ఆ నలభై కిలోమీటర్లూ లెక్కలోకి రావు, ఐదూ రావు. ఇది బాగా వినండి. మన పొగ కలిసే గాలి అంతకంటే చాలా తక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం నేల కాలుతుంది, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పై గాలి కిందికి దిగుతుంది. పొయ్యి మీద పప్పు తెర్లినట్టు గాలంతా కలియబడుతుంది. ఆ కలియబడటం రెండు, మూడు కిలోమీటర్ల ఎత్తుదాకా పోతుంది. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. అంటే యాభై చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత గది మన పొగకు దొరుకుతుంది.

ఇప్పుడు జనవరి. రాత్రి ఆకాశం తేటగా ఉంటుంది, నేలలోని వేడంతా పైకి పోతుంది, నేల చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే కూర్చుంటుంది. దాని మీద వెచ్చటి గాలి పొర ఒకటి మూత పెట్టినట్టు పరుచుకుంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి కదా? ఇక్కడ తిరగబడింది. కింద చలి, పైన వెచ్చన. ఆ మూత కిందనుంచి పొగ పైకి పోలేదు. తెల్లవారుజామున ఆ మూత ఎంత ఎత్తులో ఉంటుందంటే, రెండు మూడు వందల మీటర్లు. నాలుగైదు చార్మినార్లు. మే నెల మధ్యాహ్నం యాభై, జనవరి తెల్లవారుజామున నాలుగైదు. వదిలే పొగ అంతే. గది మాత్రం పదో వంతు.

నేను డిగ్రీ పిల్లల్ని ఏటా డిసెంబరులో మౌలాలి గుట్ట ఎక్కించేదాన్ని. పుస్తకంలో గీసిన బొమ్మ కంటే అది మేలు. ఆరున్నర, ఏడు గంటలకు పైన నిలబడి ఊరి వైపు చూస్తే, అడుగున మట్టిరంగు పొర, దాని పైన తేట నీలం. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. ఏదో ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తుంది, ఆ గీత దాకా వచ్చి తలుపు తగిలినట్టు ఆగి, పక్కకు పరుచుకుంటుంది. ఒక అమ్మాయి అడిగింది, 'మేడమ్, మా ఇల్లు ఆ గీతకు పైన ఉందా, కింద ఉందా?' అని. ఎవరి ఇల్లూ పైన లేదు తల్లీ అని చెప్పాను.

ఇప్పుడు చేతులెత్తండి. చలికాలం పొద్దున్నే ఐదున్నరకు లేచి వాకింగ్‌కు పోయేవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మాస్టారూ, మీరు కూడానా? పొద్దుటి గాలి స్వచ్ఛమైన గాలి అని మనకు చిన్నప్పట్నుంచీ చెప్పారు. పల్లెలో అది నిజమే కావచ్చు. ఈ నగరంలో ఈ నెలలో అది నిజం కాదు. రాత్రంతా లారీలు వదిలిన పొగ, చలిమంటల పొగ, మూత కింద అట్లాగే నిలబడి ఉంటుంది. దానికి ఎనిమిది, తొమ్మిది గంటల ట్రాఫిక్ తోడవుతుంది. ఎండ నేలను కాల్చి మూత లేచేసరికి పదిన్నర, పదకొండు. మీరు వేగంగా నడుస్తూ మామూలు కంటే రెండు మూడింతలు గాలి లోపలికి లాగేది సరిగ్గా ఆ మూత కిందే. చలికాలం నాలుగు నెలలూ సాయంత్రం నాలుగింటికి నడవండి. ఆస్తమా ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ముఖ్యంగా మీరు వినండి.

ఏ పొగ గురించి ఇంతగా చెబుతున్నాను? పేపర్లో పీఎం 2.5 అని రాస్తారు. రెండున్నర మైక్రాన్ల కంటే చిన్న కణం అని అర్థం. ఒక తలవెంట్రుక అడ్డంలో పాతిక కణాలు పక్కపక్కన పడతాయి. కాస్త పెద్ద దుమ్మయితే ముక్కులో వెంట్రుకలు ఆపుతాయి, గొంతులో తేమ ఆపుతుంది, దగ్గితే బయటికి వస్తుంది. ఇది ఆగదు. ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గాలి సంచుల దాకా పోతుంది, అందులో మరీ చిన్నవి రక్తంలోకీ పోతాయి. గుండెపోటుకూ పక్షవాతానికీ గాలితో ఉన్న సంబంధం అదే.

మన దేశంలో ఒక రోజుకు పెట్టుకున్న హద్దు, ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు. అంటే ఎంత? మళ్లీ బియ్యానికే వద్దాం. ఘనపు మీటరు గాలి మన ఊళ్లో కిలో వంద గ్రాములు. బరువుల్లో చూస్తే ఈ 60 మైక్రోగ్రాములు రెండు కోట్లలో ఒక వంతు. పాతిక కిలోల బియ్యం బస్తాలు పది తెచ్చి ఇక్కడ కుమ్మరిస్తే, అందులో ఒక్క గింజ. పది బస్తాల్లో ఒక్క గింజ! అంత కొంచెమే మనిషిని మంచాన పడేస్తుంది. ఎందుకంటే మనం రోజుకు పీల్చేది ఒక గ్లాసు గాలి కాదు, సుమారు పదకొండు వేల లీటర్లు. బరువులో పన్నెండు కిలోలు. తినే తిండి కిలో, కిలోన్నర. తాగే నీళ్లు మూడు లీటర్లు. నీళ్లకు ఇంట్లో ఫిల్టర్ పెట్టుకున్నాం, కూరగాయలు ఉప్పునీళ్లలో కడుగుతున్నాం. పన్నెండు కిలోల గాలిని మాత్రం ఎట్లా వస్తే అట్లా మింగుతున్నాం.

ఇంకో సంగతి. ఫోన్లో సమీర్ అనే యాప్ ఉంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్లది. జూపార్కు, సనత్‌నగర్, పాశమైలారం, సెంట్రల్ యూనివర్సిటీ, ఇట్లా మన దగ్గర చాలాచోట్ల మిషన్లు ఉన్నాయి, వాటి అంకెలు, అంటే ఏక్యూఐ అనే గాలి నాణ్యత సూచీ, అందులో చూడొచ్చు. 51 నుంచి 100 దాకా 'సంతృప్తికరం' అని ఆకుపచ్చలో చూపిస్తుంది. ఆ వంద అంటే ఈ 60 మైక్రోగ్రాములే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక రోజుకు చెప్పిన హద్దు ఎంత? 15. ఏడాది సగటుకు మన హద్దు 40, వాళ్లది 5. మన దేశం పరిస్థితిని బట్టి ఒక మెట్టు పెట్టుకున్నారు, సరే, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆకుపచ్చ రంగు చూసి గాలి బాగుందని మీ పిల్లలకు చెప్పకండి.

ఇక్కడ ఒక నిమిషం మా అమ్మ గురించి చెప్పాలి. మాది నల్లగొండ దగ్గర పల్లె. మా అమ్మ పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించేది. కంది కట్టె, పత్తి కట్టె, పిడకలు. వానాకాలం అన్నీ తడిసేవి. అంటుకోకపోతే చెంప నేలకు ఆనేంత కిందికి వంగి గొట్టంతో ఊదేది. పొగంతా ముఖం మీదికే. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ ఊదేది. మా వంటింటి దూలాలకు మసి ఎంత పట్టిందంటే, వేలు పెడితే జిగటగా అంటుకునేది. అప్పుడు నేను ఆరో తరగతి. ఇంత పొగలో ఎట్లా ఉంటావే అమ్మా అని అడిగితే, 'పొగ పోతది బిడ్డా, అన్నం ఉంటది' అన్నది.

యాభై దాటాక ఆమెకు దమ్ము మొదలైంది. నాలుగు మెట్లెక్కితే అరుగు మీద కూలబడేది. ఇక్కడికి తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రేను లైటు ముందు పెట్టి అడిగిన మొదటి మాట, 'అమ్మ చుట్ట తాగేదా?' అని. మా అమ్మ జన్మలో చుట్ట ముట్టుకోలేదు. ముప్పై ఐదేళ్లు మాకు వండిపెట్టింది, అంతే. అప్పటికి నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి, పిల్లలకు దహనం పాఠం చెబుతున్నాను. అసంపూర్ణ దహనం, కార్బన్ మోనాక్సైడ్, మసి, అన్నీ బోర్డు మీద సమీకరణాలతో సహా రాసేదాన్ని. ఆ సమీకరణం మా ఇంట్లో రోజూ నాలుగింటికి జరుగుతోందని నాకు ఒక్కరోజూ తట్టలేదు. అందుకే రిటైరైన తర్వాత ఎవరు పిలిచినా వచ్చి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు మనకు గ్యాస్ వచ్చింది, చాలా మేలు జరిగింది. కానీ మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించి పిల్లల్ని పడుకోబెడుతున్నాం. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని తేల్చారు. కాయిల్ మానేసి దోమతెర కట్టండి. నాకు తెలిసి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

తెల్లవారుజామున రోడ్డు పక్కన ఆకులూ చెత్తా కుప్పపోసి అంటిస్తారు, చూస్తుంటారు కదా. మన కాలనీ గేటు దగ్గర కూడా. దయచేసి ఆ ఊడ్చే అమ్మల మీద అరవకండి. వాళ్లకు చలి. ఎత్తుకుపోయే బండి వేళకు రాదు. ఆ పొగ అందరికంటే ముందు, అందరికంటే దగ్గరగా పీల్చేది వాళ్లే. ఆకులు వేసుకోవడానికి కాలనీలో ఒక మూల గుంత తవ్విస్తే ఎరువవుతుంది. కమిటీవాళ్లు ఇక్కడే ఉన్నారు, నేను వాళ్లను అడిగాను, మీరు కూడా అడగండి.

ఇప్పుడు ఆ 7,808 గింజల దగ్గరికి పోదాం. నైట్రోజన్ పాపం సాధువు, దేని జోలికీ పోదు అని చెప్పుకుంటాం. నిజమే, మామూలు వేడిలో పోదు. కానీ బండి ఇంజిన్‌లో మంట ఉంటుంది చూడండి, ఆ వేడికి నైట్రోజనూ ఆక్సిజనూ కలిసిపోతాయి. పిడుగు పడ్డప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పిడుగుది నేలకు ఎరువై దిగుతుంది. మన బండ్లది పంజాగుట్ట చౌరస్తాలో ముక్కుల ముందే తయారవుతుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారి, పెట్రోలు ఆవిర్లతో కలిసి, ఎండ తగిలితే ఓజోన్ పుట్టిస్తుంది. చలికాలం సాయంత్రం నాలుగింటికి మేలన్నాను కదా, ఎండాకాలం లెక్క తిరగబడుతుంది. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం ఓజోన్ ఎక్కువ, పొద్దున్నే మేలు. దీనికి పొగ కనపడదు. గొంతులో గరగర, దగ్గు, అంతే తెలుస్తుంది.

ఓజోన్ మంచిదని స్కూల్లో చదివాం కదా అంటారా? పైన ఉంటే మంచిది. ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉండి అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. దాన్నంతా కిందికి దించి నేలమీద పరిస్తే ఎంత మందం వస్తుంది? మూడు మిల్లీమీటర్లు. రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. పాత ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు దాన్ని తినేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ ఎంతగా పలచబడిందో లోకానికి తెలిసింది. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాశారు, తర్వాత ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ సంతకం పెట్టాయి. ఆ రసాయనాలు ఆగాయి. పొర మెల్లగా పూడుకుంటోంది. మన పెట్రోలులో సీసం కలిపేవాళ్లు, 2000 నాటికి దేశమంతా తీసేశారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ సిక్స్ ప్రమాణాల డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది భాగాలే, అంతకుముందు యాభై. చేస్తే అవుతుందని ఇవన్నీ మన కళ్ల ముందే జరిగినవి.

మళ్లీ ఈ నాలుగు గింజలు. ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. ఇవి మొదట్నుంచీ నాలుగు కావు. రెండు వందల డెబ్బై ఏళ్ల కిందట మూడు కూడా లేవు, రెండు గింజలూ ఒక ముక్కా. పది లక్షల్లో 280. 1958లో హవాయి దీవిలో కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో ఇరుక్కున్న పాత గాలి బుడగల్ని తీసి కొలిచారు. ఎనిమిది లక్షల ఏళ్లలో ఒక్కసారి కూడా 300 దాటి ఉన్న దాఖలా లేదు. ఇది అగ్నిపర్వతాల నుంచి కూడా రావచ్చు కదా అని కొందరు అడుగుతారు. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ల నాటి చెట్లూ జీవులూ. వాటిలో రేడియోధార్మిక కార్బన్ ఎప్పుడో అయిపోయింది. అది లేని కార్బన్ గాలిలో కలుస్తూ ఉండటం కొలతల్లో కనబడింది. దానితోపాటే ఆక్సిజన్ తగ్గుతోంది, ఇందాక చెప్పాను. ఏదో కాలితేనే ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి.

మూడు నాలుగైతే ఏమవుతుంది అంటారా? అసలు వేడిని పట్టి ఉంచే ఈ కొద్దిపాటి వాయువులూ, నీటి ఆవిరీ లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉండేది. హుస్సేన్‌సాగర్ గడ్డకట్టేది. ఇవి ఉండటం వల్లే పదిహేను డిగ్రీల దగ్గర ఉన్నాం. అంత పని చేసేవాటిలో ఈ కార్బన్ డయాక్సైడ్‌ను ఒకటిన్నర రెట్లు చేశాం. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. 2020 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన వాన ఈ హాలులో ఎవరూ మర్చిపోలేదు. ఆ ఒక్క వానకు ఇదే కారణమని నేను చెప్పను, చెరువుల మీద ఇళ్లు కట్టిన పాపం మనది. కానీ గాలి ఎక్కువ నీళ్లు మోయగలిగితే, కురిసినప్పుడు ఎక్కువ కురుస్తుంది. అంతవరకు ఖాయం.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. పొగ కణాలు గాలిలో ఉండేది వారం, పది రోజులు. ఒక మంచి వాన పడితే కడుక్కుపోతాయి. 2020 లాక్‌డౌన్‌లో చూశారు కదా, బండ్లు ఆగిన కొన్నాళ్లకే ఆకాశం ఎట్లా తేటపడిందో. కార్బన్ డయాక్సైడ్ అట్లా కాదు. ఇవాళ నా స్కూటర్ వదిలినదాంట్లో కొంత భాగం వందల ఏళ్లు ఉంటుంది. నా మనవరాలి మనవరాలు కూడా దాని కిందే బతకాలి.

ఇంకో వారంలో భోగి. పండుగ మానమని నేను చెప్పను, నేనూ చేసుకుంటాను. కానీ పోయినేడు మన రెండో వీధిలో మంటలో రెండు పాత టైర్లు, ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ చూశాను. టైరు రబ్బరులో గంధకం ఉంటుంది, అది కాలితే సల్ఫర్ డయాక్సైడ్. పీవీసీ పైపు కాలితే ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లనే విషాలు. కట్టె కూడా పొగే, మా అమ్మ సంగతి విన్నారు కదా. పైగా భోగి మంట వేసేది ఎన్నింటికి? నాలుగింటికి, ఐదింటికి. మూత అన్నిటికంటే కింద ఉండే వేళ. అందుకని గుమ్మానికొక మంట కాకుండా వీధికి ఒక్కటే వేద్దాం, ఎండిన కట్టెతో, చిన్నది. టైర్లు, ప్లాస్టిక్ ఉంటే మా ఇంటికి తెచ్చివ్వండి, పాత సామాన్ల బండికి నేను వేస్తాను. చంటిపిల్లల్ని మంట దగ్గరికి ఎత్తుకుపోకండి.

నా మాట అయిపోయింది. కానీ వెళ్లే ముందు ఆ టేబుల్ దగ్గరికి రండి. మూడు గాజు పలకలకు పలచగా వాజిలైన్ పూసి వారం రోజులు బయట పెట్టాను. మొదటిది మా డాబా మీద. రెండోది చౌరస్తాలో మందుల షాపు మెట్ల మీద. మూడోది మా ఇంట్లో దేవుడి అర పక్కన, అగరుబత్తి దగ్గర. మూడింటినీ భూతద్దంతో చూడండి, ఏది ఎక్కడిదో చీటీ చూడకుండా చెప్పగలరేమో చూడండి. మా మనవరాలు చెప్పలేకపోయింది. అందులో కనబడేది పెద్ద దుమ్మే సుమా. నేను ఇంతసేపూ చెప్పిన సన్న కణాలు ఆ భూతద్దానికి కూడా అందవు. ముందు పిల్లల్ని రానివ్వండి. పెద్దవాళ్లు ఎవరికైనా ప్రశ్నలుంటే ఇటు రండి, నేను ఇక్కడే కూర్చుంటాను.